ఏ మందు అని అడిగే ముందు

వేసవి ముదిరేసరికి మా పిన్ని కొడుకు దగ్గరనుంచి ఫోను వస్తుంది. పోయిన ఏప్రిల్‌లో వచ్చిన ఫోను సారాంశం ఇది: పెద్దపిల్లవాడికి తొడమీద సెగగడ్డ లేచింది, అది మానీ మానకముందే భార్యకు చంకలో ఒకటి వచ్చింది, మరో పదిహేను రోజులకు తనకు మెడవెనక ఇంకొకటి. సంక్రాంతినుంచి లెక్కపెడితే ఆ ఇంట్లో అది ఆరో గడ్డ. మా పిన్ని లెక్కలో నేరమంతా మామిడిపళ్ళది, వాటి వేడిది; సంక్రాంతి నాటికి మామిడిపళ్ళు ఎక్కడివని ఆవిడను అడిగే ధైర్యం ఎవరూ చేయలేదు. ఈలోగా మెడికల్ షాపులో చెప్పి మూడు రకాల యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చుకున్నారు, నొప్పి తగ్గగానే ప్రతిదాన్నీ మధ్యలో ఆపేశారు. "అక్కా, ఈసారి కాస్త గట్టి మందేదైనా చెప్పు" అన్నాడు వాడు.

నేను రోగులకు మందులు రాసే డాక్టరును కాను. ఒక బోధనాసుపత్రిలోని మైక్రోబయాలజీ ల్యాబులో చీము, రక్తం, కఫం కల్చర్లు చూడటం, అంటే ఆ నమూనాల్లోని క్రిములను పళ్ళెంలో పెంచి అవేమిటో, ఏ మందుకు లొంగుతాయో తేల్చడం, ఇరవై రెండేళ్ళుగా నా పని. వాడు అడిగినదాంట్లో అమాయకత్వమే తప్ప తప్పేమీ లేదు, అయినా ఆ ప్రశ్నతోనే నాకు పేచీ. ఎందుకంటే ఈ గడ్డలకు ఎక్కువగా కారణమయ్యే స్టాఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమి విషయంలో వైద్యలోకం కూడా ఎనభై ఏళ్ళకు పైగా ముందుగా అదే అడుగుతూ వచ్చింది: ఏ మందు? దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న, ఆ క్రిమి ఎక్కడ కాపురం పెట్టింది అన్నది. ఈ క్రిమిమీద జరిగిన పరిశోధనలను వరుసగా చదువుకుంటూ వస్తే, 'ఎక్కడ' అని అడిగిన చోట చెప్పుకోదగిన మేలు జరిగిందనీ, 'ఏ మందు' అని మాత్రమే అడిగిన చోట గెలుపు కొన్నేళ్ళకే చేజారిపోయిందనీ నాకు అర్థమైంది. ఈ వ్యాసంలో నా వాదన అంతే.

ఈ క్రిమిని చీములో గుర్తించి పేరు పెట్టినవాడు స్కాట్లాండ్‌లోని అబర్డీన్ నగరంలో పనిచేసిన శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్. గాయం మానేటప్పుడు చీము పట్టడం సహజమేనని పెద్దపెద్ద వైద్యులు కూడా నమ్మిన కాలం అది. 1880 ప్రాంతంలో ఆయన గడ్డల్లోంచి తీసిన చీమును మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, గుత్తులుగా, గొలుసులుగా అమరిన గుండ్రటి కణాలు కనిపించాయి. ఆ చీమును ఎలుకలకు, గినీ పందులకు ఎక్కిస్తే వాటికీ గడ్డలు లేచాయి. గుత్తులుగా కనిపించినవాటికి 1882లో, ద్రాక్షగుత్తి అనే అర్థం వచ్చే గ్రీకు మాటను తీసుకుని, స్టాఫైలోకాకస్ అని పేరు పెట్టాడు. రెండేళ్ళ తరవాత జర్మనీకి చెందిన రోజెన్‌బాక్, పళ్ళెంలో పెంచినప్పుడు కనిపించే బంగారు ఛాయను చూసి 'ఆరియస్' అనే విశేషణం చేర్చాడు. నేటికీ ఉదయం ఇంక్యుబేటర్ తలుపు తీసి రక్తం కలిపిన అగార్ పళ్ళెం చేతిలోకి తీసుకుంటే, గుండ్రంగా, నున్నగా, లేత పసుపులో మెరిసే చుక్కలు కనిపిస్తాయి. రోగి గుర్తుకు రాకపోతే అందమైన దృశ్యమే.

ఆ తరవాతి కథలో మందుదే పెద్ద పాత్ర. 1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పళ్ళెంమీద బూజు చుట్టూ కరిగిపోయినవి ఈ స్టాఫైలోకాకస్ చుక్కలే. 1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్‌లో, ముఖమంతా చీముపట్టి చావుకు దగ్గరైన ఒక పోలీసు ఉద్యోగికి ఆ బూజునుంచి తీసిన పెనిసిలిన్ ఎక్కించారు, కొద్దిరోజుల్లోనే కోలుకోసాగాడు, మందు చాలక, అతని మూత్రంలోంచి తిరిగి తీసిన పెనిసిలిన్‌నే మళ్ళీ ఎక్కించారు, అదీ అయిపోయాక రోగం తిరగబెట్టి మార్చిలో చనిపోయాడు. మందు ఇంకాస్త ఉండి ఉంటే బతికేవాడన్నది ఈ కథనుంచి అందరూ నేర్చుకున్న పాఠం. అది నిజమే కూడా. కాని ఆ ఒక్క పాఠమే నేర్చుకోవడం వల్ల, మందు దండిగా దొరకడం మొదలైన కొద్ది సంవత్సరాల్లోనే మరో సంగతి ఎదురైంది. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో మేరీ బార్బర్ అనే బాక్టీరియా శాస్త్రవేత్త లెక్కలు చూస్తే, 1948 నాటికే అక్కడి స్టాఫైలోకాకస్ నమూనాల్లో సగానికి పైగా పెనిసిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైము తయారుచేసుకుని కూర్చున్నాయి.

మేరీ బార్బర్‌ను ఫ్లెమింగ్ పక్కన కూర్చోబెట్టి తలుచుకోవాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది, కాని ఆమె పేరు మన పాఠ్యపుస్తకాల్లో దాదాపు కనిపించదు. మందును లొంగదీసుకున్న క్రిములను చూసి ఆమె మరో కొత్త మందు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. తన ఆసుపత్రిలో యాంటీబయాటిక్‌ల వాడకానికి కట్టుదిట్టమైన నియమాలు పెట్టించి, ఒక రోగినుంచి మరొకరికి క్రిమి పాకకుండా జాగ్రత్తలు తీసుకునేలా చేసి, నిరోధకత ఉన్న నమూనాల శాతం మళ్ళీ తగ్గుముఖం పట్టిందని 1960లో ఆమె, ఆమె సహచరులు ప్రకటించారు. అదే కాలంలో బ్రిటన్‌లోనే మెథిసిలిన్ అనే కొత్త మందు వచ్చింది. పెనిసిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైము దీన్ని ఏమీ చేయలేదని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. 1961లో ప్యాట్రీషియా జెవన్స్ ఐదు వేలకు పైగా నమూనాలను పరీక్షించి, మెథిసిలిన్‌కు లొంగనివి మూడు దొరికాయని ప్రకటించింది. ఐదు వేలల్లో మూడు అన్నమాటను ఎవరు పట్టించుకుంటారు? 2019 సంవత్సరానికి ప్రపంచవ్యాప్తంగా వేసిన అంచనాలో, ఇలా మెథిసిలిన్‌కు లొంగని, ఎం.ఆర్.ఎస్.ఏ. అని పిలిచే ఈ స్టాఫైలోకాకస్ నిరోధకత కారణంగానే పోయిన ప్రాణాలు లక్షకు పైగా ఉన్నాయి.

మధ్యలో ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన అమెరికాలోని లెడర్లీ సంస్థనుంచి 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. క్రిమి పేరులో ఉన్న బంగారమే ఈ మందు పేరులోనూ ఉంది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది మొదటి బిడ్డ, ఆ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్‌ను నేటికీ ఎం.ఆర్.ఎస్.ఏ. చర్మవ్యాధుల్లో వాడుతున్నారు. మన తెలుగువాడి చేతిచలవ అని నేనూ గర్వపడతాను. అయితే టెట్రాసైక్లిన్‌కు లొంగని స్టాఫైలోకాకస్‌లు ఆసుపత్రుల్లో తిరగడానికి పదేళ్ళు కూడా పట్టలేదు. చివరికి వాంకోమైసిన్ అనే కడపటి ఆయుధానికి కూడా పూర్తిగా లొంగని నమూనా 2002లో అమెరికాలోని మిచిగన్‌లో కనిపించింది. డయాలసిస్ మీద ఉన్న ఒక మధుమేహ రోగి శరీరంలో, పక్కనే ఉన్న ఎంటరోకాకస్ అనే మరో క్రిమినుంచి, వాంకోమైసిన్‌కు లొంగకుండా చేసే జన్యువును అది అరువు తెచ్చుకుంది.

ఇక మా ల్యాబు సంగతికి వస్తాను. మెథిసిలిన్ మందు ఇప్పుడు వాడుకలో లేదు, పేరు మాత్రం మిగిలింది. దాని బదులు సెఫాక్సిటిన్ అనే మందు 30 మైక్రోగ్రాములు పూసిన చిన్న కాగితపు బిళ్ళను క్రిమి పరిచిన పళ్ళెంమీద పెడతాం. మర్నాటికి ఆ బిళ్ళ చుట్టూ క్రిమి పెరగని ఖాళీ వలయం ఏర్పడుతుంది. వలయం అడ్డుకొలత 22 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే లొంగుతుందని, 21 లేదా అంతకంటే తక్కువైతే ఎం.ఆర్.ఎస్.ఏ. అని రాస్తాం. ఒక్క మిల్లీమీటరు దగ్గర చికిత్స దారి మారిపోతుంది. పెనిసిలిన్ జాతి మందులు క్రిమి గోడ కట్టే ప్రోటీన్లకు అతుక్కుని ఆ పనిని ఆపేస్తాయి, ఎం.ఆర్.ఎస్.ఏ. దగ్గర మెక్-ఎ అనే జన్యువు ఉండటం వల్ల, ఆ మందులు సరిగా అతుక్కోలేని మరో ప్రోటీనును తయారుచేసుకుని గోడ కట్టుకుంటూనే ఉంటుంది.

'గట్టి మందు' అనే మాట ఇక్కడే తలకిందులవుతుంది. వాంకోమైసిన్ ఖరీదైనది, సెలైన్‌లో ఎక్కించవలసినది, పెద్ద ఆసుపత్రుల్లో వాడేది కాబట్టి అది అన్నింటికంటే గట్టిదని చాలామంది అనుకుంటారు, కొందరు వైద్యులతో సహా. మెథిసిలిన్‌కు లొంగే స్టాఫైలోకాకస్ రక్తంలో చేరినప్పుడు మాత్రం వాంకోమైసిన్ మీద ఉన్న రోగులకంటే క్లాక్సాసిలిన్ వంటి పాత మందులమీదో, సెఫాజోలిన్ మీదో ఉన్నవారే మెరుగ్గా బతికి బయటపడ్డారని పరిశీలనా అధ్యయనాలు పదేపదే చూపించాయి. మనదేశంలో 15 కేంద్రాల్లో 2008, 2009 సంవత్సరాల్లో సేకరించిన 26 వేలకు పైగా నమూనాల్లో ఎం.ఆర్.ఎస్.ఏ. 41 శాతం. ఆ అంకెను భయపెట్టడానికే అందరూ వాడతారు, భయపడవలసినదే. నేను దాని రెండో సగాన్ని కూడా చదవమంటాను: ఆ నమూనాల్లో పదింటికి దాదాపు ఆరు, చవకైన పాత మందుకు లొంగేవే. ఎవరు ఆ ఆరుగురిలో, ఎవరు మిగిలిన నలుగురిలో అన్నది గడ్డను పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. కల్చర్ చేయాలి.

కల్చర్ చేయడానికి మా దగ్గరికి వచ్చే నమూనాల తీరు చెబితే నవ్వాలో ఏడవాలో తెలియదు. నాలుగురోజులు రెండు రకాల యాంటీబయాటిక్‌లు ఎక్కించి, తగ్గకపోతే అప్పుడు పంపుతారు. గడ్డ లోపలి చీము సిరంజితో తీసి పంపవలసినచోట, పుండు పైపొరమీద దూదిపుల్లతో అద్ది, అది ఎండిపోయిన తరవాత పంపుతారు. చర్మంమీద ఊరికే ఉండే క్రిములన్నీ పళ్ళెంలో తోటలా పెరుగుతాయి, అసలు దొంగ వాటి మధ్య దాక్కుంటుంది. కాగితంమీద 'చీము, కల్చర్' అని ఉంటుంది. ఎక్కడి చీమో, రోగికి షుగరు ఉందో లేదో, ఇంతకుముందు ఏ మందు వాడారో ఉండదు. ఒకసారి నేను ఫోనుచేసి అడిగితే, "అవన్నీ మీకెందుకు మేడమ్, ఏ మందు పనిచేస్తుందో చెప్పండి చాలు" అన్నాడు అవతలి కుర్ర డాక్టరు. అతన్ని తప్పు పట్టను. అతనికి ఎవరూ ఇంకోలా నేర్పలేదు.

రక్తంలో చేరిన స్టాఫైలోకాకస్‌తో 'ఎక్కడ' అన్న ప్రశ్న ప్రాణాలమీదికి వస్తుంది. ఈ క్రిమి రక్తంలో పారుతూ పోయి గుండె కవాటంమీద, వెన్నెముక ఎముకలో, సిరలో పెట్టిన గొట్టంమీద, కీలు మార్పిడి చేసిన లోహంమీద అతుక్కుని కూర్చుంటుంది. మందు ఎంత సరైనదైనా ఆ గొట్టం తీయకపోతే, ఆ చీము బయటికి పంపకపోతే జ్వరం తిరగబెడుతూనే ఉంటుంది. అందుకే రెండు మూడు రోజుల్లో మళ్ళీ రక్తం కల్చర్ చేయమని, గుండెకు ఎకో తీయమని, చికిత్స రోజులను మొదటి ఇంజెక్షన్ రోజునుంచి కాక రక్తం శుభ్రపడిన రోజునుంచి లెక్కపెట్టమని నిపుణులు చెబుతారు. వీటిలో కొత్త మందు ఒక్కటీ లేదు.

మందుకు మందు జోడిస్తే బలం పెరుగుతుందన్న ఆశను కూడా పరిశోధకులు నిజాయితీగా పరీక్షించారు. బ్రిటన్‌లోని 29 ఆసుపత్రుల్లో 758 మందిమీద జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, మామూలు చికిత్సకు రిఫాంపిసిన్ కలిపితే మొత్తంమీద అదనపు మేలు కనిపించలేదు. ఎం.ఆర్.ఎస్.ఏ. రోగులకు వాంకోమైసిన్‌తోనో, డాప్టోమైసిన్‌తోనో పెనిసిలిన్ జాతి మందును జోడించి చూసిన మరో అధ్యయనాన్ని మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని మధ్యలోనే ఆపవలసి వచ్చింది. 2020లో వచ్చిన దాని ఫలితాల్లో మరణాలు తగ్గిన దాఖలా లేదు. టీకాల కథ ఇంకా కఠినమైనది. గుండె, ఛాతీ శస్త్రచికిత్సలకు వెళ్ళే సుమారు 8,000 మందితో మొదలైన ఒక టీకా పరీక్షను 2011లో నిలిపివేశారు: టీకా రక్షణ ఇవ్వకపోవడమే కాక, తరవాత స్టాఫైలోకాకస్ సోకినవారిలో టీకా వేసుకున్నవారే ఎక్కువగా మరణించారు. వెన్నెముక శస్త్రచికిత్స రోగులమీద జరిగిన మరో టీకా పరీక్ష 2018లో ఫలితం రాదని తేలి ఆగిపోయింది. మనందరి రక్తంలో చిన్నప్పటినుంచీ ఈ క్రిమికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తిరుగుతూనే ఉంటాయి, అయినా గడ్డలు లేస్తూనే ఉంటాయి. మరికొన్ని ప్రతిరక్షకాలు పుట్టించినంత మాత్రాన సరిపోదని ముందే అనుమానించవలసింది. ఇలాంటి విఫల ప్రయత్నాలు పత్రికల మొదటి పేజీకి ఎక్కవు, కాని ఈ క్రిమి గురించి నాకు ఎక్కువ నేర్పినవి ఇవే.

దానికి భిన్నంగా ముక్కు సంగతి చూడండి. ఏ సమయంలో చూసినా మనలో సుమారు పదిమందికి ఇద్దరు ముగ్గురి ముక్కు లోపల ఈ క్రిమి ఏ హానీ చేయకుండా బతుకుతుంటుంది. రక్తంలో స్టాఫైలోకాకస్ చేరిన రోగుల ముక్కునుంచి తీసిన నమూనాలను జర్మనీ పరిశోధకులు పోల్చి చూస్తే, 82 శాతం మందిలో రెండుచోట్లా ఉన్నది ఒకటే రకమని 2001లో తేలింది. అంటే దాడి చేసిన దొంగ చాలాసార్లు ఇంటివాడే. నెదర్లాండ్స్‌లో ఆసుపత్రిలో చేరినవారిలో ముక్కులో ఈ క్రిమి ఉన్నవారిని గుర్తించి, ముక్కుకు మ్యుపిరోసిన్ ఆయింట్‌మెంటు, ఒంటికి క్లోర్‌హెక్సిడిన్ సబ్బు ఇచ్చి చూస్తే, ఆసుపత్రిలో వచ్చే స్టాఫైలోకాకస్ వ్యాధులు 7.7 శాతంనుంచి 3.4 శాతానికి తగ్గాయి. ఆ ఫలితం 2010లో వచ్చింది. 2013లో అమెరికాలోని 43 ఆసుపత్రుల ఐ.సి.యు.ల్లో, ఎవరి ముక్కులో ఉందో పరీక్షించకుండానే అందరికీ అదే శుభ్రత పాటిస్తే, ఏ క్రిమివల్లనైనా సరే రక్తానికి సోకే వ్యాధులు 44 శాతం తగ్గాయి. ఏ కొత్త మందూ ఇంత పని చేసినట్టు నేను చదవలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన సూచనలు కూడా ఇలాంటివే. శస్త్రచికిత్సకు ముందు స్నానం చేయించాలి, వెంట్రుకలు తీయక తప్పకపోతే కత్తెర మిషనుతో కత్తిరించాలి తప్ప బ్లేడుతో గీయకూడదు, యాంటీబయాటిక్‌ను కోత పెట్టడానికి ముందున్న రెండు గంటల్లోపు ఇవ్వాలి, శస్త్రచికిత్స ముగిశాక నివారణ పేరుతో కొనసాగించకూడదు. మా అమ్మకు మోకాలు మార్పిడి జరిగినప్పుడు ముందురోజు రాత్రే బ్లేడుతో గీసి పెట్టారు, ఇంటికి పంపేటప్పుడు ఏడు రోజులకు సరిపడా యాంటీబయాటిక్ మాత్రలు చేతిలో పెట్టారు. నేను అభ్యంతరం చెబితే, "మన వాతావరణం వేరండీ" అన్నారు. వాతావరణం వేరైతే చేతులు మరింత కడుక్కోవాలి. మాత్రలు దానికి బదులు ఎలా అవుతాయో నాకు బోధపడలేదు.

నా వాదనకు ఎదురుగా నిలిచే మాటలు లేకపోలేదు. కల్చర్ ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఒళ్ళు కాలిపోతున్న రోగి అంతవరకు ఆగలేడు, కూలిపని మానుకుని వచ్చినవాడు మళ్ళీ రిపోర్టుకోసం రాలేడు. ఇవన్నీ ఒప్పుకుంటాను. ప్రమాదంలో ఉన్నవాడికి వెంటనే మందు మొదలుపెట్టవలసిందే. ఆ మొదటి ఇంజెక్షన్‌కు ముందు రక్తం తీసి సీసాలో పోయడానికి ఐదు నిమిషాలు చాలు. చిన్న గడ్డ విషయంలో నేను నా అభిప్రాయమే మార్చుకోవలసి వచ్చింది. చీము పూర్తిగా తీసేస్తే యాంటీబయాటిక్ అక్కరలేదని చాలాకాలం వాదించాను. అమెరికాలో జరిగి 2017లో వెలువడిన అధ్యయనంలో, చిన్న గడ్డలను కోసి చీము తీసిన తరవాత ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో సుమారు 69 శాతం, నిజమైన మందు ఇచ్చినవారిలో 82, 83 శాతం మంది నయమయ్యారు. మందు మేలు చేస్తుందని అక్కడ ఒప్పుకోక తప్పదు. అయితే ఆ 69 శాతాన్ని కూడా చూడమంటాను. అది కత్తి చేసిన పని. మా ఊళ్ళలో కత్తి అంటే భయపడి, గోరుచుట్టుకు నిమ్మకాయ తొడిగినట్టు ప్రతి గడ్డకూ మాత్ర తొడుగుతున్నారు. షుగరు వ్యాధి ఉన్నవాడికి వీపుమీద రాచకురుపు లేచినా ముందు ఆర్.ఎం.పి. దగ్గర మాత్రలే.

మా తమ్ముడికి ఆ రోజు ఏ మందూ చెప్పలేదు. ఆదివారం కుటుంబాన్నంతటినీ తీసుకుని రమ్మన్నాను. మెడమీది గడ్డను మా సర్జన్ కోసి, లోపలి చీమును సిరంజిలో నాకు అందించారు. ఐదుగురి ముక్కుల్లోంచీ నేనే నమూనాలు తీశాను. చీములో పెరిగినది ఎం.ఆర్.ఎస్.ఏ. దానిమీద ఎరిత్రోమైసిన్ బిళ్ళ, క్లిండమైసిన్ బిళ్ళ పక్కపక్కన పెడితే, క్లిండమైసిన్ వలయం గుండ్రంగా ఉండవలసింది పోయి, ఎరిత్రోమైసిన్ వైపు చదునై, ఇంగ్లీషు 'డి' అక్షరంలా తయారైంది. విడిగా చూస్తే క్లిండమైసిన్‌కు లొంగినట్టు నటించే క్రిమి అవసరమైనప్పుడు నిరోధకతను బయటికి తీస్తుందని దాని అర్థం. అంతకుముందు వాడు షాపులో కొనుక్కున్న మూడు మందుల్లో ఒకటి అదే. ముక్కు నమూనాల్లో ముగ్గురివి పెరిగాయి: పెద్దపిల్లవాడు, వాడి అమ్మ, మామిడిపళ్ళమీద కేసు పెట్టిన మా పిన్ని. మూడింటి తీరూ చీములోని క్రిమి తీరుతో సరిపోయింది; జన్యుపరీక్ష చేయకుండా అవన్నీ ఒకటేనని మాత్రం ప్రమాణం చేయలేను.

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో గడ్డలు లేచే పిల్లలమీద జరిగిన ఒక అధ్యయనం 2012లో వచ్చింది. పిల్లవాడి ఒక్కడి ముక్కూ ఒళ్ళూ శుభ్రం చేసినా, ఇంటిల్లిపాదికీ చేసినా, ఆ పిల్లవాడి ఒంట్లో క్రిమి పోవడంలో తేడా కనిపించలేదు. కాని ఇంటిల్లిపాదికీ చేసినచోట కొత్త గడ్డలు తక్కువ వచ్చాయి. మా డాక్టరుగారు ఆ పద్ధతినే రాశారు: ఐదు రోజులు, రోజుకు రెండుసార్లు ముక్కుకు మ్యుపిరోసిన్, రోజూ క్లోర్‌హెక్సిడిన్ స్నానం, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకడం, గోళ్ళు పొట్టిగా ఉంచడం. ఆ ఆయింట్‌మెంటు మిగిలితే గీతలకూ దోమకాట్లకూ రాయవద్దని నేను గట్టిగా చెప్పాను. అలా రాసుకుంటూ పోతే దానికి లొంగని క్రిములను కూడా మన ముక్కుల్లోనే పెంచుకుంటాం. వర్షాకాలంలో చిన్నదానికి మోచేతిమీద ఒక గడ్డ వచ్చింది, చీము తీయించారు, తగ్గింది. ఆ తరవాత ఇంతవరకు మరొకటి రాలేదు. రేపు రాదని నేను చెప్పలేను. ఈమధ్య వాళ్ళింటికి వెళితే స్నానాలగది బయట గోడకు, ఇదివరకు అందరూ తుడుచుకునే ఒకే ఒక్క తువ్వాలు వేలాడేచోట, ఐదు మేకులు కొట్టి ఉన్నాయి. మా పిన్ని తువ్వాలు చివరిది, ఆకుపచ్చది. దాన్ని పిల్లలు ముట్టుకుంటే ఊరుకోదట.